ముందు రెండు చాలు

కనుమ మీద మంచు పడిందంటే బైతిక్‌కి ఎవరూ కబురు చెప్పక్కర్లేదు. పొద్దున కొట్టు తలుపు తీసేసరికి ఎదురుగా కార్లు బారులు తీరి ఉంటాయి. ఆ రోజు తొమ్మిదయ్యేసరికే ఏడు. డ్రైవర్లందరూ కిందికి దిగి, చేతులు జేబుల్లో పెట్టుకుని, తప్పంతా ఆకాశానిదే అన్నట్టు పైకి చూస్తూ నిలబడ్డారు. అక్టోబరు మొదటి వారం అది. కింద ఊళ్ళో ఆపిల్ పళ్ళు ఇంకా చెట్ల మీదే ఉన్నాయి.

తో-అషు కనుమ కింద, గేటుకి కాస్త ఇవతల ఉంది ఆ కొట్టు. కొట్టంటే ఒక పాత ఇనప కంటైనరు, ఒక కంప్రెసరు, రెండు జాకీలు. మంచు పడిన రోజున, మంచుని పట్టుకునే మెత్తటి చలికాలం టైర్లు లేని కారుని గేటు దగ్గర పైకి వదలరు. అక్టోబరులో ఎవరి కారుకుంటాయవి? అందుకని బైతిక్ రిమ్ముతో సహా చక్రాలు అద్దెకిస్తాడు. డ్రైవరు తన చక్రాలు డిక్కీలో వేసుకుని కొండెక్కుతాడు. సొరంగం దాటి సూసమీర్ లోయలోకి దిగాక, అక్కడ బైతిక్ బావమరిది కలీస్ అద్దె చక్రాలు విప్పి తీసుకుని, పాతవి బిగించి పంపుతాడు. పదకొండేళ్ళుగా ఇద్దరికీ ఇదే బతుకు.

ఈ దారిలో నాలుగు చక్రాలూ మార్చే అలవాటు ఎవరికీ లేదు. ఇంజను లాగే రెండు చక్రాలకే చలికాలానివి వేయించుకుంటారు. నాలుగూ మారిస్తే విప్పిన నాలుగూ డిక్కీలోకి ఎక్కాలి, అప్పుడు ప్రయాణికుల మూటలు నెత్తిన పెట్టుకుంటారా? గేటు దగ్గర మనిషి కూడా చలికి తన గది వదిలి రాడు. కిటికీలోంచి ముందు చక్రాలు చూసి చెయ్యి ఊపేస్తాడు. ఇలాగే ఏళ్ళ తరబడి వెళ్ళారు, వచ్చారు. వెళ్ళి రానివాళ్ళుంటే, వాళ్ళు తాగి తోలారనో నిద్రపోయారనో చెప్పుకున్నారు.

వరసలో నాలుగోది ఉలార్‌బెక్ నల్ల కారు. జర్మనీలో ఎవరో పదిహేనేళ్ళు తోలి వదిలేస్తే ఇక్కడికొచ్చి చేరింది. ఉలార్‌బెక్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు, బిష్కెక్ నుంచి తొక్తొగుల్‌కి మనుషుల్ని తోలుతాడు. మే నెలలో ఆ కారుకి కొత్త వేసవి టైర్లు వేయించాడు. పందేల కార్లకి వేసే జాతి. ఇంత వెడల్పు, రిమ్ముకీ నేలకీ మధ్య రబ్బరు చూస్తే మూడు వేళ్ళు ఉండదు. ఇక ఆ వేసవంతా వాడి నోట వేరే మాటుంటే ఒట్టు. సరస్సు రోడ్డు మీద వంపుల్లో కారు పట్టాల మీద వెళ్తున్నట్టుందన్నాడు. హోరున వానలో గబుక్కున బ్రేకు నొక్కితే నలుగురు ప్రయాణికుల్లో ఒక్కరు కూడా ముందుకి తూలలేదన్నాడు. అవే కొన్న డ్రైవర్లలో ఒకడు తనవి ఒక్క వేసవికే అరిగిపోయాయని ఏడ్చాడు. ఇంకొకడు చిన్న గుంతలో పడితే రిమ్ము వంకర తిరిగిందన్నాడు. డబ్బుకి పట్టిన శని అని మూడోవాడు తేల్చేశాడు. ఉలార్‌బెక్ మాత్రం వాటిని గుడ్డతో తుడుచుకునేవాడు.

ఆ పొద్దున వాణ్ణి చూడగానే జోల్దోష్ అనే ముసలి డ్రైవరు ఊరుకోలేకపోయాడు.

"ఏరా, పెళ్ళికూతురు పట్టు చెప్పులతోనే కొండెక్కుతుందా?"

"ముందు రెండు కాళ్ళకీ బూట్లు తొడుగుతాం కదా తాతా" అన్నాడు ఉలార్‌బెక్ నవ్వుతూ. అందరూ నవ్వారు. బైతిక్ కూడా నవ్వాడు.

కారు ముందు భాగం జాకీ మీద లేపి బైతిక్ బోల్టులు వదులు చేశాడు. చక్రం లాగి పక్కకి దొర్లిస్తుంటే, పదకొండేళ్ళ అలవాటు కొద్దీ బొటనవేలు దాని మీదికి వెళ్ళింది. ఎండాకాలంలో ఈ రకం టైరుని నొక్కితే వేలు కాస్త దిగుతుంది. జున్నుముక్కని నొక్కినట్టుంటుంది. ఇప్పుడు గోరు కూడా దిగలేదు. మామూలు వేసవి టైర్లు కూడా చలికి బిగుస్తాయి గానీ ఇంతలా కాదు. గొర్రె కొమ్ముని నొక్కినట్టుంది. వెనక చక్రాల దాకా వెళ్ళి వాటినీ నొక్కి చూశాడు. అవీ అంతే. వీటికి వెనక కూడా మార్చాలేమో అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించింది అంతే.

ఆ కారుకి సరిపోయే ఐదు బోల్టుల చక్రాలు కొట్లో నాలుగున్నాయి. రెండు ఈ కారుకి పోతాయి. మిగతా రెండూ లోపల అరమీద ఉన్నాయి. కాకపోతే ఏడున్నరకి ఎసెన్ ఫోను చేశాడు. ఎసెన్ అంటే పైన హోటలు కట్టిస్తున్న పెద్దమనిషి. కంటైనరు నిలబడ్డ జాగా కూడా ఆయనదే. ఇవాళ మా ఆవిడ కారు పైకి వస్తుంది, ఐదు బోల్టులవి రెండు తీసి పక్కన పెట్టు, ఎవరికీ ఇవ్వకు అన్నాడు. సరేనండీ అన్నాడు బైతిక్. అనకేం చేస్తాడు?

ఉలార్‌బెక్ కారు అవతల మూటలు సర్దుతున్నాడు. డిక్కీలో అప్పటికే రెండు వెడల్పు చక్రాలు ఎక్కించడంతో ఊపిరాడకుండా ఉంది. ప్రయాణికుల్లో ఒకావిడ చేతిలో పొడుగాటి కాగితపు చుట్టలు నాలుగున్నాయి. బడి పిల్లలకి భూగోళం చెప్పే కొత్త పటాలు. నలిగిపోతాయని డిక్కీలో పెట్టనివ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటానంది. పేరు ఐకనిష్ అనీ, తొక్తొగుల్ బడిలో పంతులమ్మ అనీ బైతిక్‌కి తరవాత తెలిసింది. చలికి ఆగలేక ఆవిడ కంటైనరు లోపలికొచ్చి పొయ్యి దగ్గర నిలబడింది. చుట్టూ చూసింది. రెండో చక్రం కోసం లోపలికొచ్చిన బైతిక్‌కి అరమీదవి చూపించి అడిగింది.

"అన్నా, ఆ రెండూ కూడా ఇలాంటివే కదా. వెనక అవి వేయకూడదా?"

"ముందు రెండు చాలమ్మా. బండిని లాగేవి అవే. వెనకవి ఊరికే వెంట వస్తాయి."

సరేనన్నట్టు తలూపింది. పని తెలిసినవాడి మాట మీద ఎవరైనా ఊపినట్టే ఊపింది. పటాలు గుండెకి ఆనించుకుని వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. బైతిక్ బోల్టులు ఎదురెదురుగా బిగించి, జాకీ దించి, మళ్ళీ ఒకసారి గట్టిగా బిగించాడు. చాలు కదన్నా అని ఉలార్‌బెక్ ఒకసారి అడిగాడు. చాలన్నాడు. గేటు దగ్గర చెయ్యి ఊగింది, నల్ల కారు పైకి వెళ్ళిపోయింది. చక్రాలు ఒక్కసారి కూడా జారలేదు. అంత బాగా ఎక్కింది.

పదకొండున్నరకి కలీస్ ఫోను చేశాడు. గొంతు గుర్తుపట్టేట్టు లేదు.

"బావా, నల్ల కారు. సొరంగం కింద రెండో వంపులో. ముందు చక్రాలు రోడ్డునే పట్టుకుని ఉన్నాయి, వెనక భాగమే గిర్రున తిరిగిపోయిందట. ముందు సీట్లో ఉన్నావిడ పోయింది. తోలే కుర్రాడికి తల పగిలింది. వెనకున్నవాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు."

బైతిక్ చేతిలో స్పానరుంది. ఎవరిదో కారు సగం విప్పి ఉంది. ఆ కారు పని పూర్తి చేశాడు. ఎలా పూర్తి చేశాడో తరవాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. బుర్రలో నల్ల కారే తిరిగింది. ఎక్కేటప్పుడు బాగా లాగింది, తిప్పితే తిరిగింది, నొక్కితే ముందు భాగం ఆగింది. అందుకే వాడు పల్లంలో కూడా ధైర్యంగా వదిలి ఉంటాడు. వెనక ఆ గొర్రె కొమ్ములు నేలని పట్టుకోలేదు. ఇంత సంగతి ఇప్పుడు తెలుస్తోందే, పొద్దున బొటనవేలికి తెలిసింది కాదూ?

సాయంత్రం ఎసెన్ ఫోను చేశాడు. మా ఆవిడ రావట్లేదు, ఆ చక్రాలు అక్కర్లేదు అన్నాడు.

మర్నాడు కింద ఊరు కరా-బల్తా నుంచి పోలీసు కెప్టెన్ బట్మా వచ్చింది. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని అన్నీ వరసగా అడిగింది. ఎన్నింటికి వచ్చారు, ఏ చక్రాలు వేశావు, బోల్టులు ఎవరు బిగించారు. అన్నింటికీ నిజమే చెప్పాడు. ఆవిడ తల ఎత్తకుండానే రెండే ఎందుకు వేశావని అడిగింది. బైతిక్ చూపు అరమీదికి పోబోయి ఆగింది.

"నాలుగూ వేయించుకోమన్నానండీ. డిక్కీలో చోటు లేదని అతనే వద్దన్నాడు."

ఆ మాట తను అనుకుని అన్నది కాదు, దానంతటదే వచ్చేసింది. దారిలో డ్రైవర్లందరూ అనే మాటే కాబట్టి నోటికి అడ్డం కూడా పడలేదు. బట్మా రాసుకుంది. చదివి వినిపించింది. బైతిక్ గ్రీజు చేతులు తుడుచుకుని సంతకం పెట్టాడు.

ఆ సంతకం సాయంత్రానికల్లా దారంతా పాకింది. బైతిక్ చెప్పాడట, వాడే వినలేదట. జోల్దోష్ టీకొట్లో కూర్చుని, ఈ దారిలో బుర్రున్నవాడు ఒక్కడే ఉన్నాడని నలుగురికీ చెప్పాడు. ఉలార్‌బెక్ సోకుల టైర్లే ఆ పంతులమ్మని మింగాయన్నాడు. వారంలో మళ్ళీ మంచు పడింది. ఈసారి ఎప్పుడూ లేనిది డ్రైవర్లు నాలుగు చక్రాలు అడిగారు. సామాను ఒళ్ళో పెట్టుకోమని ప్రయాణికులతో గొడవపడి మరీ నాలుగూ వేయించుకున్నారు. నువ్వు చెబితే వినాలన్నా అన్నాడొకడు. బైతిక్‌కి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తల వంచుకుని బోల్టులు బిగిస్తూ పోయాడు. అరమీద ఐదు బోల్టుల చక్రాలు రెండూ అలాగే ఉన్నాయి. అడిగినవాళ్ళకి వాటికి గాలి పోతోందని చెప్పి పంపాడు. ఇంట్లో తిండి సహించలేదు. పెళ్ళాం ఏమైందంటే ఒళ్ళు బాలేదన్నాడు.

తొమ్మిదో రోజు పదకొండింటికి కరా-బల్తా రమ్మని బట్మా కబురు పెట్టింది. ఉలార్‌బెక్ ఆసుపత్రి నుంచి వచ్చాడు, అందర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగి కాగితాలు ముగించేస్తామంది. బైతిక్ ఉతికిన చొక్కా వేసుకుని, కంటైనరుకి తాళం వేస్తున్నాడు. కనుమ మీంచి ఒక చిన్న పాత కారు దిగి వచ్చి కొట్టు ముందు ఆగింది. అందులోంచి పొడుగ్గా, భుజాలు వంగిన మనిషి దిగాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తేనెటీగలు పెంచేవాళ్ళ చేతులు, వేళ్ళ మీద పాత మచ్చలు.

"నేను తెమిర్‌కుల్‌ని. ఐకనిష్ పెనిమిటిని."

కారులోంచి రెండు చేతులతో ఒక తేనె సీసా తీసి ఇచ్చాడు. ఈ దారిలో నా భార్య ప్రాణం గురించి ఆలోచించినవాడివి నువ్వొక్కడివేనని బట్మా కాగితంలో చదివాను తమ్ముడూ అన్నాడు. బైతిక్ సీసా తీసుకున్నాడు. తీసుకోకుండా ఎలా ఉంటాడు? దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు కళ్ళు కారు మీదికి వెళ్ళాయి. ముందు రెండూ చలికాలం చక్రాలు, కలీస్ దగ్గరవే. వెనక రెండూ వేసవివి.

బైతిక్ వంగి వెనక టైరు నొక్కి చూశాడు. వీటితోనే దిగారా అని అడిగాడు. ఆ, అక్కడ రెండే దొరికాయి, మెల్లిగా వచ్చాను, ఒక చోట వెనక కాస్త ఊగింది అన్నాడు తెమిర్‌కుల్, ఎవరి గురించో చెబుతున్నట్టు. ఆ వంపు దగ్గర దిగి నిలబడ్డానని కూడా చెప్పాడు. నువ్వూ అక్కడికే కదా, ఎక్కు అన్నాడు.

కరా-బల్తా దాకా రోడ్డు చదునే. అరగంట ప్రయాణం. తెమిర్‌కుల్ కళ్ళు రోడ్డు మీదే పెట్టి మాట్లాడుతూనే ఉన్నాడు. తొమ్మిది రోజులుగా మాట్లాడని మనిషి మాట్లాడినట్టుంది. పటాలు నలగలేదట. పోలీసులు తెచ్చి ఇస్తే బడిలో ఇచ్చేశాడట, పిల్లలు గోడకి తగిలించారట. పడుకునే ముందు ఉలార్‌బెక్‌ని పేరు పెట్టి తిట్టుకుంటాననీ, లేకపోతే నిద్ర పట్టదనీ చెప్పాడు. వాడు జైల్లో ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళు నేను నిద్రపోతాను తమ్ముడూ అన్నాడు. బైతిక్ మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఊరి మొదటి ఇళ్ళు వచ్చేశాయి. దిగేశారు.

బట్మా గదిలో ఒక బల్ల, గోడ వారగా ఒక బెంచీ, ఇటు రెండు కుర్చీలు. బెంచీ మీద ఉలార్‌బెక్ కూర్చుని ఉన్నాడు. తలకి ఒక పక్క గుండు, దాని మీద కుట్లు. కాలికి పిండికట్టు. చంక కర్రలు రెండూ బెంచీ మీద పక్కన పెట్టుకున్నాడు. తెమిర్‌కుల్‌ని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. తెమిర్‌కుల్ అటు చూడకుండా కుర్చీలో కూర్చున్నాడు. బైతిక్ రెండో కుర్చీలో కూర్చున్నాడు.

బట్మా ముందు బైతిక్ కాగితం చదివింది. చదివి, దీనికి నువ్వేమంటావని ఉలార్‌బెక్‌ని అడిగింది. బైతిక్ ఉలార్‌బెక్ పెదాల వైపు చూశాడు. అబద్ధం అంటాడు, ఇప్పుడు అంటాడు అనుకున్నాడు. అనాలనే కోరుకున్నాడు కూడా. వాడంటే వాడి మాటకీ తన మాటకీ పోటీ. అప్పుడు సంగతి తన చేతుల్లో ఉండదు.

ఉలార్‌బెక్ తల మీది కుట్లు తడుముకున్నాడు.

"నాకు ఆ పొద్దున ఏమీ గుర్తు లేదండీ. జోల్దోష్ తాత ఏదో అన్నాడు, నవ్వాం. అంతవరకే ఉంది. తరవాత ఆసుపత్రే." బైతిక్ వైపు తిరిగాడు. "నాలుగూ వేయించుకోమన్నావంటే అనే ఉంటావన్నా. నువ్వు ఊరికే అబద్ధం చెప్పే మనిషివి కావు. నేనే వద్దని ఉంటాను. ఆ టైర్లంటే నాకు అంత పొగరు కదా."

తరవాత తెమిర్‌కుల్ వైపు తిరిగి, క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదండీ అన్నాడు. బట్మా కలం తీసి, ఒప్పుకున్నట్టు రాసుకోనా అని అడిగింది. రాసుకోండన్నాడు.

"రాయొద్దండీ" అన్నాడు బైతిక్.

గొంతు మామూలుగానే వచ్చింది. అందుకు అతనికే ఆశ్చర్యమేసింది. కూర్చునే చెప్పాడు. కొట్లో నాలుగున్నాయి, రెండు వేశాను. రెండు ఎసెన్‌కి దాచాను. ఆయన జాగాలో ఉంటున్నాను కాబట్టి దాచాను. వేసవి టైరు చలికి రాయిలా బిగిసిపోయిందని చేత్తో నొక్కి చూశాను, తెలిసే వదిలేశాను. ఇతను చాలు కదా అని అడిగితే చాలన్నాను. ఇతను ఏదీ వద్దనలేదు. వద్దన్నాడన్నది నేను కల్పించిన మాట.

బట్మా కలం బల్ల మీద పెట్టింది. అలాగైతే నువ్వు సంతకం పెట్టిన కాగితం అబద్ధపు సాక్ష్యం అవుతుంది, తెలుసా, దానికీ శిక్ష ఉంటుంది అంది. తెలుసన్నాడు. ఎవరైనా చూశారా, నీ మాట తప్ప రుజువేముంది అని అడిగింది.

"చూసినావిడ ఉంది. అడిగింది కూడా." బైతిక్ మొదటిసారి పక్క కుర్చీ వైపు తిరిగాడు. "మీ ఆవిడ. లోపల పొయ్యి దగ్గర నిలబడి, ఆ రెండూ వెనక వేయకూడదా అని అడిగింది. ముందు రెండు చాలమ్మా అన్నాను."

తెమిర్‌కుల్ టోపీ మోకాలి మీదుంది. దాని అంచుని వేళ్ళతో సవరించాడు, మళ్ళీ సవరించాడు.

"అడిగిందా?"

"అడిగింది."

"తరవాత?"

"సరేనంది. వెళ్ళి కూర్చుంది."

"అంతే. రెండోసారి అడగదు. ఇంట్లో కూడా అంతే." టోపీ అంచు వదిలేశాడు. "ఇన్నాళ్ళూ దానికేం తెలుసు పాపం, చూడకుండా ఎక్కేసింది అనుకున్నాను. చూసిందన్నమాట. అడిగిందన్నమాట."

తొమ్మిది రోజులుగా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. చప్పుడు చెయ్యలేదు. ముఖం తుడుచుకోలేదు. బైతిక్ చంకలోని తేనె సీసా తీసి కుర్చీ కింద పెట్టాడు. తనను కొట్టినా, తిట్టినా బాగుండేదనిపించింది. బట్మా నీళ్ళ గ్లాసు ముందుకి జరిపితే తెమిర్‌కుల్ దాన్ని ముట్టుకోలేదు. లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పిందంతా రాయండి కెప్టెన్ గారూ. అది అడిగిందని కూడా రాయండి. ఏ మాటతో అడిగిందో ఆ మాటతోనే రాయండి."

ఉలార్‌బెక్ మీద ఇచ్చిన ఫిర్యాదు ఏం చెయ్యమంటారని బట్మా అడిగింది. మెల్లిగా దిగాల్సింది కదా అతను, అది అలాగే ఉంచండి అన్నాడు తెమిర్‌కుల్. ఇతని పేరు పక్కన చేర్చండి అన్నాడు. బైతిక్ వైపు చూడలేదు. టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

వెళ్ళేటప్పుడు వెనక చక్రాలు మార్పించుకుని కొండెక్కమని చెప్పాలని బైతిక్ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. కిందికి మెట్ల మీదికి కేకేసి చెప్పాడు. వెళ్ళే మనిషి ఆగాడు, వెనక్కి తిరగకుండా విన్నాడు, దిగిపోయాడు. మార్పించుకుంటాడో లేదో మాత్రం తెలియదు.

బట్మా పాత కాగితం పక్కన పెట్టి కొత్తది తీసింది. సాక్షులు కూర్చునే కుర్చీలో ఇక నువ్వు కూర్చోకూడదు, ఇది తేలేదాకా ఊరు దాటకూడదు, అటు బెంచీ మీద కూర్చో అంది. బైతిక్ గోడ వైపు వెళ్ళాడు. ఎసెన్ జాగా ఖాళీ చెయ్యమంటాడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది, దాని గురించి ఏమీ అనిపించలేదు. బెంచీ ముందు నిలబడ్డాడు, కూర్చోవడానికి చోటు లేదు. ఉలార్‌బెక్ అతని ముఖంలోకి ఒకసారి చూశాడు. ఆ చూపులో దయ లేదు, కోపం కూడా ఇంకా రాలేదు. తరవాత చంక కర్రలు రెండూ తీసి నేల మీద పెట్టి, ఆ చివరికి జరిగాడు.